ఎవరికి హెచ్‌ఐవీ ఉందో తెలియకుండానే బడి నడపడం

బడిలో ఏ పిల్లవాడికి హెచ్‌ఐవీ ఉందో హెడ్మాస్టరుకు తెలియాలా? అక్కర్లేదు. ఈ ఒక్క మాట ఒప్పుకుంటే మిగతా పని సగం తేలికవుతుంది. హెచ్‌ఐవీ ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి అది తల్లి నుంచి వచ్చినదే. రోజూ ఇంట్లో మందు వేసుకుని అందరిలాగే బడికి వస్తారు. పక్కన కూర్చున్నా, ఒకే గ్లాసులో నీళ్లు తాగినా, ఒకే కంచంలో తిన్నా, కబడ్డీలో మీద పడి పట్టుకున్నా, ఒకే మరుగుదొడ్డి వాడినా ఇది అంటదు. ఉమ్ము, చెమట, కన్నీళ్లు, దోమకాటు వల్ల రాదు.

ఇక మిగిలింది రక్తం. రక్తం విషయంలో మాత్రం ప్రతి పిల్లవాడినీ ఒకేలా చూడాలి. ఎవరికి ఏముందో ఒక్కోసారి వాళ్ల ఇంట్లోవాళ్లకే తెలియదు. పైగా కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్‌ బి రక్తం ద్వారా హెచ్‌ఐవీ కంటే సులువుగా అంటుతుంది. ‘ఫలానా పిల్లాడి దగ్గర జాగ్రత్త’ అని చెప్పుకునే బడి, మిగతా పిల్లల దగ్గర అజాగ్రత్తగా ఉంటున్నట్టే లెక్క.

హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారి సంఖ్యలో మహారాష్ట్ర తర్వాత దేశంలో ఆంధ్రప్రదేశ్‌దే స్థానం. కాబట్టి ‘మా బడిలో అలాంటివాళ్లు ఎవరూ లేరు’ అనే మాట నమ్మి పద్ధతులు పెట్టుకోకండి. ఉన్నారనే అనుకుని పెట్టుకోండి.

చట్టం బడికి చెప్పేది

2017లో వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. దాని 3వ సెక్షన్ ప్రకారం హెచ్‌ఐవీ కారణంగా బడిలో చేర్చుకోకపోవడం, మధ్యలో తీసేయడం, వేరుగా చూడడం నిషేధం. చదువుకు చేర్చుకోవడానికి హెచ్‌ఐవీ పరీక్ష షరతుగా పెట్టకూడదు. 8వ సెక్షన్ ప్రకారం తన స్థితి చెప్పమని ఎవరినీ బలవంతం చేయకూడదు. నమ్మి చెప్పిన సంగతిని వాళ్ల సమ్మతి లేకుండా మరొకరికి చెప్పకూడదు. ఆ సమ్మతి రాతపూర్వకంగా ఉండాలి. 11వ సెక్షన్ ప్రకారం ఇలాంటి సమాచారం రికార్డుల్లో ఉన్న ప్రతి సంస్థా దాన్ని కాపాడే ఏర్పాట్లు చేసుకోవాలి. సిబ్బంది, ట్రస్టీలు, మేనేజర్లు అందరూ కలిపి 100 మందికి తగ్గని సంస్థ అయితే ఫిర్యాదుల అధికారిని కూడా నియమించాలి. పెద్ద పెద్ద ప్రైవేటు విద్యాసంస్థలు ఈ లెక్కలోకి వస్తాయి. బడి వినకపోతే తల్లిదండ్రులు ఈ చట్టం కింద ఫిర్యాదులు వినే రాష్ట్ర అధికారికి, అంటే అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఆయన 30 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలి. దాన్ని పాటించకపోతే 10 వేల రూపాయల వరకు జరిమానా, ఆపైన పాటించని ప్రతి రోజుకూ 5 వేల వరకు.

అడ్మిషన్ల దగ్గర

దరఖాస్తు ఫారం తీసి చూడండి. ‘తీవ్రమైన వ్యాధులు ఏమైనా ఉన్నాయా?’ అనే గడి ఉంటే కొట్టేయండి. దాని బదులు నాలుగు ప్రశ్నలు చాలు: బడి వేళల్లో ఏదైనా మందు వేయాలా? దేనికైనా అలర్జీ ఉందా? అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి? ఏ ఆసుపత్రికి తీసుకెళ్లాలి? మూర్ఛ ఉన్న పాపకైనా, ఆస్తమా ఉన్న బాబుకైనా బడికి కావలసింది ఇదే. జబ్బు పేరు తెలియకపోయినా పని ఆగదు.

గుట్టు రట్టయ్యే చోటు ఇంకొకటుంది, దాన్ని ఎవరూ అనుమానించరు. విద్యాహక్కు చట్టం 12(1)(సి) కింద ప్రైవేటు బడుల్లో బలహీన వర్గాల పిల్లలకు 25 శాతం సీట్లు ఇస్తారు కదా. ఆంధ్రప్రదేశ్‌లో ఆ 25లో 5 శాతం అనాథలకు, హెచ్‌ఐవీ బాధిత కుటుంబాల పిల్లలకు, దివ్యాంగులకు. ఎంపికైనవాళ్ల జాబితా పైనుంచి రాగానే గుమస్తా దాన్ని ప్రింటు తీసి, కేటగిరీ గడితో సహా నోటీసు బోర్డుకు అంటించేస్తాడు. దురుద్దేశమేమీ ఉండదు, అలవాటు. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది. బోర్డు మీద దరఖాస్తు నంబరు మాత్రమే పెట్టండి. పేరు, కేటగిరీ ఉన్న కాగితం హెడ్మాస్టరు బీరువాలోనే ఉండాలి. ఫీజు రిజిస్టరులో కూడా ‘విద్యాహక్కు సీటు’ అని రాస్తే సరిపోతుంది. ఏ కోటాలో ఏ వర్గమో రాయక్కర్లేదు.

తల్లిదండ్రులు లేక, పదహారేళ్ల అక్క తన తమ్ముణ్ణి చేర్పించడానికి వస్తే ‘పెద్దవాళ్లను తీసుకురా’ అని వెనక్కి పంపకండి. హెచ్‌ఐవీ బాధిత కుటుంబాల్లో 12 నుంచి 18 ఏళ్ల మధ్య ఉన్న, కుటుంబ వ్యవహారాలు చూసుకోగల తోబుట్టువు తమ్ముడికో చెల్లెలికో సంరక్షకురాలిగా బడిలో చేర్పించవచ్చని హెచ్‌ఐవీ చట్టం 32వ సెక్షన్ చెబుతోంది.

తల్లో తండ్రో వచ్చి చెప్పినప్పుడు

చెప్పాలన్న నియమం లేదు. అయినా కొందరు చెబుతారు, మందుల టైము కోసమో, బిడ్డ మీద ఓ కన్నేసి ఉంచుతారనో. అప్పుడు హెడ్మాస్టరు గది తలుపు వేయాలి. కలం తీయకూడదు. ముందు అడగాల్సింది ఇదీ: ‘అమ్మా, ఈ సంగతి బాబుకు తెలుసా?’

చాలామంది పిల్లలకు తమ జబ్బు పేరు తెలియదు. ‘రక్తం బాగుండడానికి మందు’ అనో, ‘బలం మాత్ర’ అనో చెప్పి వేస్తుంటారు. పిల్లలకు 6 నుంచి 12 ఏళ్ల లోపు, వయసుకు తగ్గట్టు, మెల్లమెల్లగా చెప్పుకుంటూ రావాలన్నది వైద్యుల పద్ధతి. ఆ పని హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ కౌన్సెలరుది, కుటుంబానిది. టీచరు నోరు జారితే, పిల్లవాడు తన జీవితంలోని అతిపెద్ద వార్తను తరగతి గదిలో వింటాడు.

రెండో ప్రశ్న: ‘బడిలో ఇంకెవరికైనా తెలియాలని మీరు అనుకుంటున్నారా?’ వద్దంటే అక్కడితో ఆపేయాలి. ‘క్లాస్ టీచరుకైనా చెప్పుకుందాం’ అని ఒత్తిడి చేయకండి. సరే అంటే ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాయించండి: ఎవరికి (హోదా కాదు, పేరు), ఏం చెప్పాలి, ఎందుకు, ఎప్పటివరకు. కింద తల్లి సంతకం. ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని కూడా అందులోనే రాయండి. కాగితాన్ని కవరులో పెట్టి, అంటించి, బీరువాలో పెట్టి తాళం వేయాలి.

ఆ కాగితాన్ని ఫోనులో ఫొటో తీయకండి. ఫొటో ఫోనులోనే ఉండిపోతుందని అనుకుంటాం. ఆ ఫోను ఇంట్లో టీవీకి తగిలించి పెళ్లి ఫొటోలు చూసే రోజు వస్తుంది. బడి, పిల్లల వివరాలు ఆన్‌లైన్‌లో నమోదు చేసే యూడైస్‌లో, హాజరుపట్టీలో, ప్రోగ్రెస్ కార్డులో, టీసీలో దీని ఊసు రాకూడదు. పేరు పక్కన చుక్క, ఎర్ర సిరా, ‘స్పెషల్’ అనే ముద్ర లాంటి సంకేతాలు అసలే వద్దు. స్టాఫ్‌రూమ్‌లో సంకేతాల గుట్టు వారం కూడా నిలవదు.

హెడ్మాస్టరు బదిలీ అయితే? ఈ కవరు చార్జి అప్పగింతలో ఉండకూడదు. సమ్మతి ఇచ్చింది ఆ పేరుకు, కుర్చీకి కాదు. కవరు తల్లికి తిరిగి ఇచ్చేసి, కొత్తవాళ్లకు చెప్పాలో వద్దో ఆమెనే తేల్చుకోమనండి.

సెలవు చీటీలు, హాస్టల్ మాత్రలు

ఏఆర్‌టీ సెంటరుకు వెళ్లిన ప్రతిసారీ పిల్లవాడికి ఒక రోజు బడి పోతుంది. ‘ఓపీ చీటీ తెచ్చి చూపించు’ అన్నారంటే గుట్టు బయటపడినట్టే. చీటీ మీదే సెంటరు పేరు ఉంటుంది. తల్లి రాసిచ్చిన సెలవు చీటీ చాలనుకోండి. నియమం ప్రకారం మెడికల్ సర్టిఫికెట్ తప్పదంటే, జబ్బు పేరు లేకుండా ‘క్రమం తప్పని చికిత్సలో ఉన్నాడు, ఫలానా తేదీన ఆసుపత్రికి వచ్చాడు’ అని ఆసుపత్రి మామూలు లెటర్‌హెడ్ మీద తెస్తే ఒప్పుకోండి.

రోజూ ఇంటికి వెళ్లే పిల్లల మందులతో బడికి పనే లేదు. చిక్కంతా హాస్టళ్లలో, గురుకులాల్లో. ఏఆర్‌టీ మందు రోజూ ఒకే వేళకు పడాలి. తరచూ తప్పిపోతే వైరస్ మందుకు లొంగకుండా తయారవుతుంది, అప్పుడు మందే మార్చాలి. హాస్టల్లో మాత్రలు తప్పడానికి కారణం మతిమరుపు తక్కువ, సిగ్గు ఎక్కువ. పదిమంది చూస్తుండగా సీసా తీయలేక రాత్రి మాత్ర మానేస్తారు.

దీనికి మందు చాటు కాదు, గుంపు. థైరాయిడ్, మూర్ఛ, ఆస్తమా, గుండె జబ్బు... మందు వాడే పిల్లలందరినీ రాత్రి 8 గంటలకు నర్సు గదికి రమ్మనండి. ఒక్కొక్కరికీ పేరు రాసిన ఒకేరకం డబ్బా ఇవ్వండి. ఇరవైమందిలో ఒకరైతే ఎవరూ పట్టించుకోరు. పెద్దపిల్లల మాత్రలను ఏడు అరల డబ్బాలోకి మార్చవచ్చు. నీళ్లలో కరిగించి తాగించే చిన్నపిల్లల మాత్రలను మాత్రం సీసాలోంచి తీయకండి, తేమకు పాడవుతాయి. సీసా చుట్టూ తెల్లకాగితం అంటించి పేరు రాస్తే చాలు. ట్రంకుపెట్టెల తనిఖీలో వార్డెన్‌కు మాత్రల సీసా దొరికితే అందరి ముందూ పైకెత్తి ‘ఇదేంటి?’ అనకూడదు. అది వార్డెన్లకు ముందే చెప్పి ఉంచాలి. సెలవులకు ఇంటికి పంపేటప్పుడు ఎన్ని రోజులకు వెళ్తున్నారో అన్ని మాత్రలూ, ఇంకో వారానికి సరిపడా అదనంగానూ సంచిలో ఉన్నాయో లేదో చూడండి. పండగ సెలవులు పొడిగిస్తే చాలామందికి మందు ఆగిపోయేది అక్కడే.

ఇంకో చిన్న సంగతి, పెద్దగా ఎవరూ చెప్పరు. ఇప్పుడు ఎక్కువమంది వాడే మందులో డోలుటెగ్రవిర్ ఉంటుంది. ఐరన్, కాల్షియం మాత్రలతో కలిస్తే అది ఒంటికి సరిగా పట్టదు. బడిలో వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్ర మధ్యాహ్నం భోజనం తర్వాత, డోలుటెగ్రవిర్ రాత్రి 8 గంటలకు అయితే బెడద లేదు. డోలుటెగ్రవిర్ వేసుకున్న 2 గంటల తర్వాత, లేదా వేసుకోవడానికి 6 గంటల ముందు ఐరన్ పడాలన్నది లెక్క. అందుకే హాస్టల్లో ఐరన్ మాత్రను రాత్రి భోజనానికి జరపకండి. ఎవరి కోసమో చెప్పక్కర్లేదు, అందరికీ మధ్యాహ్నమే అని టైంటేబుల్లో రాసేయండి.

అమ్మవారో, తట్టో, టీబీయో బడిలో కనిపిస్తే తల్లిదండ్రులందరికీ అదే రోజు సమాచారం పంపండి. రోగనిరోధక శక్తి తక్కువున్న పిల్లలు, అంటే క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లయినా, స్టెరాయిడ్లు వాడేవాళ్లయినా, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లయినా, వెంటనే డాక్టరును కలవాలి. అందరికీ చెబితే కావలసినవాళ్లకు చేరుతుంది.

పుకారు లేచినప్పుడు

నలుగురు తల్లిదండ్రులు వచ్చి, ‘సార్, ఆ పిల్లాడికి ఆ పెద్ద జబ్బు ఉందంట కదా, మా పిల్లల్ని ఎట్లా పంపాలి?’ అంటారు. ఇక్కడ హెడ్మాస్టర్లు మంచి మనసుతోనే పెద్ద తప్పు చేస్తుంటారు: ‘అబ్బే, వాడికేం లేదు’ అంటారు. ఈసారి లేదన్నారు సరే. వచ్చే ఏడాది ఇంకో పిల్లవాడి గురించి అడిగితే మౌనంగా ఉంటారు, ఆ మౌనమే జవాబైపోతుంది. ఉన్నా లేకున్నా, ఎవరి గురించి అడిగినా, చెప్పే మాట ఒక్కటే ఉండాలి:

‘ఏ పిల్లవాడి ఆరోగ్యం గురించీ మేం బయట మాట్లాడం. రేపు ఎవరైనా వచ్చి మీ పాప గురించి అడిగినా చెప్పం. బడిలో ఎవరికి దెబ్బ తగిలినా మేం తీసుకునే జాగ్రత్త ఇదీ, రండి చూపిస్తాను.’

అలా అని ప్రథమ చికిత్స పెట్టె తెరిచి చూపించండి. మాటలకంటే ఆ పెట్టె ఎక్కువ పనిచేస్తుంది. నెగెటివ్ సర్టిఫికెట్ తెమ్మని ఆ కుటుంబాన్ని అడగడం, ‘గొడవ సద్దుమణిగే దాకా ఇంట్లో ఉంచండి’ అనడం, వేరే బెంచీ వేయడం, మధ్యాహ్న భోజనంలో వేరే కంచం పెట్టడం, ఇవన్నీ చట్టం దృష్టిలో వివక్షే. తరగతి వాట్సాప్ గ్రూపులో పేరు వచ్చిందంటే అడ్మిన్ టీచరు ఆ సందేశాన్ని అందరికీ పోయేలా తొలగించి, పెట్టినవారితో ఫోనులో మాట్లాడాలి. గ్రూపులో చర్చ పెట్టకూడదు. ఖండించే ప్రతి సందేశం ఆ పేరును మళ్లీ పైకి తెస్తుంది. 2003లో కేరళలోని కొల్లంలో ఇద్దరు చిన్నారులను బడికి దూరం చేసినప్పుడు అప్పటి కేంద్ర ఆరోగ్య మంత్రి సుష్మా స్వరాజ్ స్వయంగా వెళ్లి వాళ్లను హత్తుకోవాల్సి వచ్చింది. అప్పటికి ఈ చట్టం లేదు. ఇప్పుడుంది.

రక్తం కారినప్పుడు

పెట్టెలో ఉండాల్సినవి: వాడి పారేసే గ్లౌజులు కనీసం 10 జతలు, దూది, గాజుగుడ్డ, బ్యాండేజీ, అతికించే ప్లాస్టర్లు, కత్తెర, సబ్బు, పాత న్యూస్‌పేపర్లు, మందపాటి ప్లాస్టిక్ సంచులు. తాళం వేసి, తాళంచెవి పీఈటీ సారు జేబులో ఉంటే ఆయన సెలవు పెట్టిన రోజునే ఎవరో పడతారు. తాళం వద్దు.

పిల్లవాడికి దెబ్బ తగిలితే ముందు వాడి చేతనే గాయం మీద గుడ్డ పెట్టించి గట్టిగా నొక్కిపెట్టమనండి. ముక్కులోంచి రక్తమైతే తల ముందుకు వంచి ముక్కు మెత్తటి భాగాన్ని 10 నిమిషాలు పట్టుకోమనండి. తల వెనక్కి వాలిస్తే రక్తం గొంతులోకి పోతుంది. ఈలోగా మీరు గ్లౌజులు వేసుకోండి. గ్లౌజులు లేవని ఆగకండి, శుభ్రమైన ప్లాస్టిక్ కవరు చేతికి తొడుక్కున్నా చాలు. పని అయ్యాక గ్లౌజులు లోపలి వైపు బయటికి వచ్చేలా తీసి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. తెగని చర్మం మీద రక్తం పడితే కడుక్కుంటే సరి, భయపడనక్కర్లేదు.

నేల మీద రక్తానికి 1 శాతం హైపోక్లోరైట్ ద్రావణం కావాలి. బజారులో దొరికే 5 శాతం ద్రావణమైతే ఒక గ్లాసుకు నాలుగు గ్లాసుల నీళ్లు. బ్లీచింగ్ పౌడరైతే (30 శాతం క్లోరిన్ ఉన్నది) లీటరు నీళ్లకు 33 గ్రాములు. అలవాటు ప్రకారం గుప్పెడు గుమ్మరించకండి, ఒకసారి తూకం వేసి ఆ కొలతకు సరిపోయే డబ్బా మూత చూసి పెట్టుకోండి. రక్తం మీద న్యూస్‌పేపరు పరిచి పీల్చనివ్వాలి. దాని మీద ద్రావణం పోసి 10 నిమిషాలు వదిలేయాలి. తర్వాత గ్లౌజులతో ఎత్తి సంచిలో వేసి ముడి వేసి, ఆ చోటును మళ్లీ తుడవాలి. గాజుపెంకులు ఉంటే చేత్తో ముట్టకుండా అట్టముక్కతో ఎత్తాలి.

ఎక్కడ తప్పుతుందంటే, రక్తం కనపడగానే ఫినాయిల్ పోసి వెంటనే తుడిచేస్తారు. వాసన పోతుంది, పని మాత్రం పూర్తికాదు. లేదా నిన్న కలిపిన బ్లీచింగ్ నీళ్లు వాడతారు. దాని బలం తగ్గిపోతుంది, ఏ రోజుది ఆ రోజే కలపాలి. అన్నిటికంటే ప్రమాదం, ‘రెండూ వేస్తే ఇంకా బాగా పోతుంది’ అని బాత్రూమ్ యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ కలపడం. అందులోంచి క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఆయమ్మకు ఈ మాట కాగితం మీద ఇచ్చి ఊరుకోకుండా, ఎదురుగా నిలబడి చెప్పాలి.

ఆటస్థలంలో పడి ఉన్న సిరంజి సూది గుచ్చుకుంటే: పారే నీళ్లలో సబ్బుతో కడగాలి. పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు, స్పిరిట్ పోయకూడదు. కంట్లో రక్తం పడితే మామూలు నీళ్లతో బాగా కడగాలి. వెంటనే ప్రభుత్వ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందు మొదటి డోసు వీలైతే 2 గంటల్లోపు, ఎట్టి పరిస్థితుల్లో 72 గంటల్లోపు పడాలి. తర్వాత 28 రోజులు వాడాలి. సూది ఎవరిదో వెతుకుతూ, కమిటీ వేసి విచారిస్తూ ఆ గంటలు పోగొట్టకండి. హెచ్‌ఐవీ రక్తం ఉన్న సూది గుచ్చుకున్నా సోకే అవకాశం వెయ్యికి మూడు మాత్రమే. పిల్లవాడికి, తల్లికి ఆ మాట కూడా చెప్పాలి.

పాఠం

పదో తరగతి జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠంలో హెచ్‌ఐవీ వస్తుంది. ఆ పేజీ రాగానే ‘ఇంట్లో చదువుకోండి’ అనే టీచర్లు కొల్లలు. 2020లో మొదలైన ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో బడికి ఇద్దరు టీచర్లను ఎంచుకుంటారు, అందులోని 11 అంశాల్లో హెచ్‌ఐవీ నివారణ కూడా ఉంది. ఆ ఇద్దరికే ఈ పాఠం అప్పగిస్తే నయం.

8, 9 తరగతులకు రెండు పీరియడ్లు చాలు. పాఠానికి వారం ముందు అట్టపెట్టె ఒకటి పెట్టి, ప్రతి ఒక్కరూ చీటీ వేయాలనండి. ప్రశ్న లేనివాళ్లు తెల్లచీటీ వేస్తారు. అప్పుడు ఎవరు అడిగారో తెలియదు. మొదటి పీరియడులో నాలుగు సంగతులు: ఒకటి, హెచ్‌ఐవీ అనేది వైరస్, ఎయిడ్స్ అంటే చికిత్స లేనప్పుడు అది ముదిరిన దశ; రెండు, వచ్చే దారులు: రక్షణ లేని లైంగిక సంబంధం, కలుషితమైన రక్తం, వాడిన సూది, తల్లి నుంచి బిడ్డకు; మూడు, పూర్తిగా పోగొట్టే మందు లేదు కానీ రోజూ మందు వాడితే మామూలు జీవితం; నాలుగు, మందుతో వైరస్ పరీక్షకు దొరకనంత తగ్గినవారి నుంచి లైంగిక సంబంధం ద్వారా మరొకరికి సోకదు. రెండో పీరియడ్ మొత్తం చీటీలకే.

‘దోమ ఒకరిని కుట్టి నన్ను కుడితే?’ అన్నది తప్పకుండా వస్తుంది. దోమ మన ఒంట్లోకి వదిలేది దాని లాలాజలం, పాత రక్తం కాదు. దోమ ఒంట్లో ఈ వైరస్ పెరగదు. ‘రక్తదానం చేస్తే?’ కొత్త సూది వాడతారు కాబట్టి ఇచ్చేవారికి రాదు. ‘జాతరలో పచ్చబొట్టు?’ సూది మార్చకపోతే ప్రమాదమే, హెపటైటిస్‌కు మరీను.

పుర్రె బొమ్మల పోస్టర్లు, ‘చెడు తిరుగుళ్ల ఫలితం’ లాంటి నినాదాలు డిసెంబర్ 1 ఎయిడ్స్ దినం ర్యాలీలో కూడా వద్దు. ఆ వరసలో నడిచే పిల్లల్లో తల్లి నుంచి హెచ్‌ఐవీ వచ్చిన బాబు ఉండవచ్చు. ఆ నినాదం వాళ్లమ్మ గురించి అరుస్తున్నట్టు వాడికి వినపడుతుంది. ఒకదాని మీద గుర్తు పెట్టిన చీటీలు పంచి, కరచాలనాలు చేయించి ‘ఎవరికి సోకిందో చూద్దాం’ అనే ఆట కూడా మానేయండి. కరచాలనంతో అంటుతుందనే ముద్రే పిల్లల బుర్రలో మిగులుతుంది, గుర్తున్న చీటీ వచ్చిన పిల్లను నెలరోజులు ఏడిపిస్తారు.

పాఠం తర్వాత ఏ పిల్లో వచ్చి, ‘టీచర్, ఎవరికీ చెప్పనంటే ఒకటి చెబుతా’ అంటుంది. మాట ఇవ్వకండి. ‘నీ మంచికి అవసరమైన ఒకరిద్దరికి తప్ప చెప్పనమ్మా’ అనండి. అది లైంగిక వేధింపు అయితే 2012 నాటి పోక్సో చట్టం కింద స్థానిక పోలీసులకో, పిల్లల కోసం ఉన్న ప్రత్యేక పోలీసు విభాగానికో చెప్పడం తప్పనిసరి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయవచ్చు. జరిగి 72 గంటలు దాటకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆ రోజే కావాలి. పైన చెప్పిన 28 రోజుల మందు ఇక్కడా వర్తిస్తుంది. హెచ్‌ఐవీ మీద మిగతా సందేహాలకు 1097, ఉచితం. ఆ నంబరు నోటీసు బోర్డు మీద కాకుండా మరుగుదొడ్ల తలుపుల లోపలి వైపు అంటించండి, అక్కడైతే ఎవరూ చూడకుండా రాసుకుంటారు.